బ్యాంకుకి ఆ స్తంభాలెందుకు?

మీ చేతిలో ఉన్న ఫోన్‌లో డబ్బులు పంపే యాప్ ఒకటి తెరిచి చూడండి. 'బ్యాంకు ఖాతా' అన్న మాట పక్కన చిన్న బొమ్మ ఉంటుంది. కింద మెట్టు, మధ్యలో మూడో నాలుగో నిలువు గీతలు, పైన ఒక త్రికోణం. ఏ కంపెనీ యాప్ అయినా దాదాపు అదే బొమ్మ. రోజూ చూస్తూనే ఉంటాం గానీ పట్టించుకోం.

ఇంతకీ ఆ బొమ్మలోలాంటి బ్యాంకు మీరెక్కడైనా చూశారా? మా సైనిక్‌పురిలో నేను వెళ్ళే బ్యాంకుకి గాజు తలుపు, దాని పక్కన ఏటీఎం గది, ఆ పైన వెలుగుతూ ఆరుతూ ఉండే బోర్డు. స్తంభమూ లేదు, త్రికోణమూ లేదు. మా అమ్మాయికి బ్యాంకు బొమ్మ గీయమని స్కూల్లో చెబితే మాత్రం స్తంభాలే గీసుకొచ్చింది. "మన బ్యాంకు ఇలా ఉండదుగా?" అంటే, "బ్యాంకంటే ఇలాగే ఉండాలమ్మా" అంది. చూడని భవనాన్ని ఎందుకు గీసిందీ పిల్ల? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే దారి ఏథెన్స్ మీదుగా మన కోఠీకి వచ్చి ఆగింది.

గుడే ఖజానా

బ్యాంకులు లేని కాలంలో డబ్బు ఎక్కడ దాచేవాళ్ళు? ఇంట్లో అయితే దొంగల భయం. భూమిలో పాతిపెడితే పెట్టినవాడు పోయాక ఎవరికీ తెలియదు. గుళ్ళో పెడితే దేవుడే కాపలా. ఈ నమ్మకం మన దగ్గరే కాదు, పాత గ్రీసు దేశంలోనూ ఉంది. ఏథెన్స్ కొండ మీది పార్థెనాన్ గుడి ఎథీనా దేవతది. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో కట్టిన ఆ గుడిలో వెనక వైపు గది ఒకటి నగరపు ఖజానాగా పనికొచ్చింది. రోమ్‌లో జూనో మొనేటా అనే దేవత గుడి దగ్గరే నాణేలు ముద్రించేవారు. ఇంగ్లీషులో డబ్బుకున్న 'మనీ' అన్న పేరు ఆ మొనేటా నుంచి వచ్చిందే. అంటే డబ్బుకి పుట్టిల్లు ఒక అమ్మవారి గుడన్నమాట!

చాలా శతాబ్దాల తర్వాత యూరప్‌లో, అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు వచ్చినప్పుడు జనానికి నమ్మకం కలిగించడం ఎలా అన్న సమస్య వచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతిలో కష్టార్జితం పెట్టమంటే ఎవరు పెడతారు? అందుకని పాత గుడి వేషాన్నే తెచ్చి బ్యాంకుకి తొడిగారు. లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కి సర్ జాన్ సోన్ అనే వాస్తుశిల్పి 1788 నుంచి 1833 దాకా పనిచేశాడు. బయటి గోడకి కిటికీలే పెట్టకుండా స్తంభాలతో కోటలా కట్టాడు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 1824లో పూర్తయిన రెండో యునైటెడ్ స్టేట్స్ బ్యాంకునైతే విలియం స్ట్రిక్‌లాండ్ అచ్చం పార్థెనాన్‌లాగే నిలబెట్టాడు. 'వేల ఏళ్ళుగా ఉన్నాం, ఇంకా వేల ఏళ్ళుంటాం' అని చెప్పడం ఆ స్తంభాల పని. తమాషా ఏమిటంటే, ఆ ఫిలడెల్ఫియా బ్యాంకు చార్టరు పన్నెండేళ్ళకే, 1836లో ముగిసిపోయింది. స్తంభాలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. లోపల పాతకాలపు పెద్దల చిత్రపటాలు పెట్టారు.

బ్యాంక్ స్ట్రీట్ పక్కన

మన ఊళ్ళో ఈ వేషం చూడాలంటే కోఠీకి వెళ్ళాలి. సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్‌లో దిగొచ్చు. చీరలకీ, పాత పుస్తకాలకీ, పెళ్ళి సామానుకీ మనలో చాలామంది కోఠీ వెళుతూనే ఉంటాం. స్టేట్ బ్యాంకు పెద్దాఫీసు ఉన్న వీధిని బ్యాంక్ స్ట్రీట్ అంటారు. దానికి కాస్త దూరంలో, ప్రహరీ గోడల వెనక, చెట్ల మధ్య ఉందొక తెల్లటి భవనం. ఈ చుట్టుపక్కలకి డబ్బు వ్యాపారం వచ్చి చేరడానికి అసలు కారణం ఆ భవనమే. 'కోఠీ' అంటే పెద్ద బంగళా అని అర్థం. ఆ బంగళాయే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. మనందరికీ తెలిసిన పేరు కోఠీ విమెన్స్ కాలేజీ.

నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిని రెసిడెంటు అనేవారు. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు 1803లో ఈ భవనం పని మొదలుపెట్టించాడు. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. స్థలం సంపాదించడం మీద ఒక కథ చెబుతారు. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద నక్షా పరిచి చూపిస్తే నిజాం అలీ ఖాన్ ససేమిరా అన్నాడట. తన రాజ్యపు పటాలే అంత పెద్దగా ఉండవు, ఇతను ఎంత భూమి అడుగుతున్నాడోనని! అప్పుడు అదే నక్షాని చిన్న చీటీ మీద గీసి చూపిస్తే వెంటనే సరేనన్నాడట. నిజమెంతో గానీ, డబ్బు వ్యవహారాల్లో ఇప్పటికీ పనికొచ్చే పాఠమే. సంతకం పెట్టేముందు కాగితం సైజు కాదు, అందులో రాసింది చూసుకోవాలి.

స్తంభం తల మీద ఆకులు

భవనం ముందు నిలబడితే మొదట కనబడేవి ఇరవైకి పైగా మెట్లు, వాటికి అటూ ఇటూ సింహాలు. మెట్లెక్కితే బారుగా ఆరు ఎత్తైన స్తంభాలు. వాటి మీద త్రికోణపు నెత్తి. అందులో కంపెనీ వారి రాజచిహ్నం. మనిషిని చిన్నబుచ్చడానికే కట్టినట్టుంటుంది ఆ ముఖద్వారం. మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి వచ్చినవాడికి ఆయాసం వస్తుంది, లోపలున్నవాడు తాపీగా కుర్చీలో కూర్చుని ఉంటాడు! లోపల రెండంతస్తుల ఎత్తు దర్బారు హాలు, దాని వెనక రెండు పాయలుగా చీలే అందమైన మెట్ల దారి.

ఈ స్తంభాల్లో మూడు రకాలు తెలుసుకుంటే చాలు, ఇకమీద ఏ పాత భవనం చూసినా గుర్తుపట్టొచ్చు. తల మీద ఏ నగిషీ లేకుండా లావుగా, సాదాగా ఉంటే అది డోరిక్. తల దగ్గర రెండు పక్కలా చుట్టలు చుట్టినట్టుంటే అయోనిక్. తల చుట్టూ ఆకుల గుత్తిలా ఉంటే కొరింథియన్. రోమ్‌కి చెందిన విట్రూవియస్ అనే ఆయన రెండువేల ఏళ్ళ క్రితం రాసిన వాస్తుగ్రంథంలో వీటికి కథలున్నాయి. డోరిక్ మగవాడి ఒడ్డూ పొడుగూ చూసి చేసిందట. అయోనిక్ స్త్రీ రూపాన్ని చూసి చేసిందట, ఆ చుట్టలు ఆవిడ ఉంగరాల ముంగురులట.

మూడోదాని కథ ఇంకాస్త మనసుని పట్టుకుంటుంది. కొరింథ్ నగరంలో పెళ్ళీడుకొచ్చిన ఒక అమ్మాయి జబ్బు చేసి చనిపోయింది. ఆమెని పెంచిన దాది, ఆ పిల్లకి ఇష్టమైన చిన్న చిన్న సామాన్లన్నీ ఒక బుట్టలో సర్ది సమాధి దగ్గర పెట్టింది. వానకి తడవకుండా పైన ఒక పెంకు కప్పింది. బుట్ట కింద ఒక అకాంథస్ మొక్క వేరు ఉంది. వసంతకాలం వచ్చేసరికి అది చిగిర్చి, ఆకులు బుట్ట చుట్టూ పైకి పాకి, పెంకు అడ్డు తగిలి వంపు తిరిగాయి. ఆ దారిన వెళుతున్న కల్లిమాకస్ అనే శిల్పి అది చూసి, అదే రూపాన్ని రాతి స్తంభానికి తలగా చెక్కాడట. మన కోరింగ మడ అడవుల్లో కూడా ఆ మొక్కకి దగ్గరి చుట్టం ఒకటి పెరుగుతుంది.

కోఠీ స్తంభాలు ఈ కొరింథియన్ రకమే. అధికారానికి, ధనానికి గుర్తుగా లోకమంతా పెట్టుకున్న ఆ ఆకుల తల, ఒక దాది సర్దిన బొమ్మల బుట్ట నుంచి వచ్చిందని చెబుతున్నారంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి. దూరం నుంచి పాలరాయిలా మెరిసే ఇలాంటి భవనాల్లో రాయి చాలా తక్కువ. లోపలంతా ఇటుక. పైన మెత్తగా నూరి, పొరలు పొరలుగా పూసి, నునుపుగా రుద్దిన సున్నపు గచ్చు. మన తాతల ఇళ్ళకి గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపి వేసిన గచ్చుకి ఇది పెద్దక్క. గ్రీకు దేవత గుడి వేషాన్ని దక్కను మేస్త్రీలు, కూలీలు, వాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు, మన సున్నంతోనే నిలబెట్టారు.

ముందు వైపు చూడని ఇల్లాలు

ఇంత గొప్ప భవనం కట్టించిన కిర్క్‌పాట్రిక్ భార్య పేరు ఖైరున్నిసా బేగం. హైదరాబాద్ దర్బారులో పెద్దింటి పిల్ల. వీళ్ళ పెళ్ళి అప్పట్లో కలకత్తా దాకా గొడవై విచారణలు జరిగాయి. ఆమె ఘోషా పాటించేది. భవనం వెనక వైపు ఆమె కోసం రంగ్‌మహల్ అనే జనానా కట్టించాడు. పరాయి మగవాళ్ళు తిరిగే ముందు వైపుకి ఆమె రాకూడదు. ఆ మెట్లు, ఆ స్తంభాలు ఎలా ఉన్నాయో ఆమెకి చూపించడానికి భవనాన్ని బొమ్మరిల్లులా చిన్న నమూనాగా చేయించి జనానా తోటలో పెట్టించాడని చెబుతారు. ఆ నమూనా ఇప్పటికీ ఉంది, మరమ్మతులు చేశారు.

అటుపైన ఆమె కథ చూడండి. 1805లో కొడుకునీ, కూతురినీ ఇంగ్లండు పంపించేశారు. ఆమె మళ్ళీ వాళ్ళని చూడలేదు. అదే ఏడు అక్టోబరులో భర్త కలకత్తాలో చనిపోయాడు. తర్వాత హైదరాబాదులో ఉండనివ్వక మచిలీపట్నంలో కొన్నేళ్ళు గడపాల్సి వచ్చింది. 1813లో, ఇరవై ఏడేళ్ళకే కన్నుమూసింది. ఆమె రంగ్‌మహల్‌ని 1860 ప్రాంతంలో పడగొట్టించారు.

స్తంభాల నీడలో ఒక బ్యాంకు

ఈ ఖైరున్నిసాకి దగ్గరి స్నేహితురాలు ఫైజ్ బక్ష్ బేగం. ఆమె భర్త జనరల్ పామర్. వాళ్ళ కొడుకు విలియం పామర్ రెసిడెన్సీ పక్కనే ఒక బ్యాంకింగ్ కంపెనీ పెట్టాడు. పేరు విలియం పామర్ అండ్ కంపెనీ. 1816లో గవర్నరు జనరల్ దగ్గర ప్రత్యేక అనుమతి కూడా దొరికింది. పక్కనే రెసిడెన్సీ స్తంభాలు, వెనక పెద్దల అండ. ఇంకేం కావాలి నమ్మకానికి?

ఆ బ్యాంకు నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి పాతిక దాకా. మన లెక్కలో చెప్పాలంటే నెలకి రెండు రూపాయల వడ్డీ దాటిందన్నమాట. 1820లో చార్లెస్ మెట్‌కాఫ్ అనే కొత్త రెసిడెంటు వచ్చి లెక్కలు తిరగేసేసరికి గుట్టు బయటపడింది. ఈ అప్పు తీర్చడానికి చివరికి ఏం చేశారో తెలుసా? శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారుల మీద కంపెనీ ఏటా నిజాంకి 7 లక్షల రూపాయల పేష్కష్ కట్టేది. దాన్ని శాశ్వతంగా వదులుకున్నందుకు 1823లో ఒక్కసారిగా 1 కోటి 16 లక్షల పైచిలుకు ఇచ్చి, దాంతో అప్పు చెల్లబెట్టారు. పామర్ కంపెనీ కూడా ఆ తర్వాత కొద్దికాలానికే మూతబడింది.

అయినా రెసిడెన్సీ చుట్టూ డబ్బు చేరడం ఆగలేదు. అక్కడ కంపెనీ వారి చట్టం నడిచేది కాబట్టి షావుకార్లు రెసిడెన్సీ బజార్లలోనే ఇళ్ళు కట్టుకున్నారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు వాళ్ళు చేరింది అబ్బన్ సాహెబ్, జయగోపాల్ దాస్ అనే ఇద్దరు షావుకార్ల మేడల్లోకే. స్తంభాలకి గురి పెట్టింది షావుకారు మేడ మీద నుంచన్నమాట! ఆ బజార్లని 1933లో నిజాంకి తిరిగి అప్పగించాక సుల్తాన్ బజార్ అన్నారు.

స్తంభాలని నమ్మి మోసపోవడం అక్కడితో ఆగలేదు. మద్రాసులో పెద్ద పేరున్న ఆర్బత్‌నాట్ కంపెనీ 1906 అక్టోబరులో మూతపడితే ఎన్నో మధ్యతరగతి కుటుంబాల సొమ్ము మునిగింది. మన డబ్బు మన బ్యాంకుల్లో ఉండాలన్న పట్టుదల ఆ దెబ్బతో పెరిగింది. మద్రాసులో 1907లో ఇండియన్ బ్యాంకు మొదలైంది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఇక్కడ గన్‌ఫౌండ్రీలో 1942 ఏప్రిల్‌లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తలుపులు తెరిచింది. మా ఇళ్ళల్లో అందరి పాస్‌బుక్కుల మీదా ఉన్న ఆ పేర్లు కూడా ఇప్పుడు లేవు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో, ఆంధ్రా బ్యాంకు 2020లో పెద్ద బ్యాంకుల్లో కలిసిపోయాయి.

టిఫిన్ బాక్సులు విప్పిన చోట

1924లో మొదలైన ఆడపిల్లల కాలేజీ 1949లో ఈ రెసిడెన్సీకి మారింది. ఒక ఇల్లాలు ముందు వైపుకి రాకూడదన్న భవనంలోకి వందల మంది ఆడపిల్లలు ముందు మెట్ల మీదుగానే నడిచి వెళ్ళారు. మా అత్తగారు డెబ్బైలలో అక్కడ చదువుకున్నారు. "కొరింథియనో గిరింథియనో మాకేం తెలుసు? ఎండాకాలం ఆ స్తంభాల దగ్గర చల్లగా ఉండేది. అక్కడే టిఫిన్ బాక్సులు విప్పేవాళ్ళం. ఆవకాయ నూనె చేతులు స్తంభాలకే తుడిచేవాళ్ళు కొందరు" అంటారు నవ్వుతూ.

ఆవిడ చెప్పిన ఇంకో మాట నాకు గుర్తుండిపోయింది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న యాభై రూపాయలతో అప్పుడే కోఠీలో ఒక బ్యాంకులో ఖాతా తెరిచారట. "పాస్‌బుక్ మీద నా పేరు ఒక్కటే ఉంది. మా నాన్న పేరు పక్కన చిన్నగా రాశారు గానీ, డబ్బు తీసుకోవడానికి సంతకం నాదే. ఆ పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను" అన్నారు. పెళ్ళయ్యాక ఆ ఖాతా ఏమైందని అడిగితే, "మీ మామగారి ఖాతాలో కలిపేశాం. అందరూ అలాగే చేసేవారు" అని ఊరుకున్నారు.

ఆ 'ఊరుకోవడం' దగ్గర ఆగి ఆలోచించాలనిపించింది. ఎంత పెద్ద స్తంభాలున్న బ్యాంకైనా, లోపలి పుస్తకంలో మన పేరుంటేనే కదా అది మన బ్యాంకు! 1992లో నాబార్డు పొదుపు సంఘాలని బ్యాంకులతో కలపడం మొదలుపెట్టాక, ఊళ్ళల్లో ఆడవాళ్ళు తమ పేర్లు తామే బ్యాంకు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. వాళ్ళు వెళ్ళిన బ్యాంకులకి స్తంభాలు లేవు. ఒకరి పూచీ మీద ఒకరికి అప్పు పుట్టింది, అదే వాళ్ళకి స్తంభం.

ఇప్పుడు ఆ భవనం...

వాడకమే తప్ప మరమ్మతు సరిగ్గా లేక ఆ భవనం క్రమంగా పాడైంది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు పట్టింది బాగుచేయడానికి. ఇలాంటి పాత గోడలకి సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక ఇటుక పొడైపోతుంది. మళ్ళీ సున్నమే కావాలి, సున్నం పని తెలిసిన చేతులు కావాలి. ఆ చేతులు తగ్గిపోతున్నాయి. భవనం బతకాలంటే డబ్బొక్కటే చాలదు, ఆ పని నేర్చినవాళ్ళూ బతకాలి.

ఆ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తను సాగుచేసుకున్న భూమిని, పండించుకున్న పంటని దొరకి దక్కనివ్వనని కొంగు బిగించి నిలబడ్డ మనిషి ఐలమ్మ. నిజాం ఖర్చుతో కట్టి, కంపెనీ చిహ్నం నెత్తిన పెట్టుకున్న భవనం ఉన్న చోటుకి ఇవాళ ఆమె పేరు!

బాగుచేసిన ఇలాంటి భవనాలకి ఇంకో ప్రమాదం ఉంది. తాళం వేసి, తాడు కట్టి, దూరం నుంచి చూడమనడం. రెండు వందల ఏళ్ళ కట్టడాన్ని జాగ్రత్తగా చూసుకోవాల్సిందే, కాదనను. ఆవకాయ చేతులు తుడవమనీ అనను. కానీ అక్కడ చదువుకునే ఆడపిల్లలు ఆ మెట్లెక్కకపోతే, దర్బారు హాల్లో నిలబడి నాలుగు మాటలు మాట్లాడకపోతే అది మళ్ళీ ఖైరున్నిసా బొమ్మరిల్లే అవుతుంది. చూడటానికి ఉంటుంది, ఉండటానికి కాదు.

ఈసారి కోఠీకి చీరలకో పుస్తకాలకో వెళ్ళినప్పుడు, అనుమతి తీసుకుని ఒక గంట లోపలికి వెళ్ళిరండి. మీ అమ్మాయినీ తీసుకెళ్ళండి. స్తంభాల తలలు చూపించి ఆ బుట్ట కథ చెప్పండి. వచ్చేదారిలో బ్యాంక్ స్ట్రీట్ మీదుగా నడిపించుకు రండి. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లయితే, తన పేరొక్కటే ఉన్న ఖాతా ఉందో లేదో కూడా ఆ నడకలోనే అడిగి చూడండి.